తెర నల్లబడితే ల్యాప్‌టాప్‌ను ఏమడగాలి



లినక్స్ వాడే ల్యాప్‌టాప్‌లలో తరచుగా ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. రాత్రి అప్‌డేట్ చేసి పడుకుంటారు. పొద్దున ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, ఆపైన తెర నల్లగా ఉండిపోతుంది. ఒక్కోసారి తెర వస్తుంది గానీ బ్రైట్‌నెస్ మీటలు పనిచేయవు, వీడియో తడబడుతుంది. ఇంకోసారి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కానీ బ్లెండర్‌లో యానిమేషన్ కోసమో, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు కోసమో అంత డబ్బు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఉలకదు, పలకదు.

ఇలాంటప్పుడు కాలేజీ హాస్టళ్లలోనూ ఆఫీసుల్లోనూ ముందుగా వినిపించే సలహా ఒకటుంది: "ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించెయ్." ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఒక రోజంతా పోతుంది, దాచుకున్న ఫైళ్లు పోయే ప్రమాదమూ ఉంది. తీరా మళ్లీ ఎక్కించాక అదే అప్‌డేట్ వస్తుంది, అదే తెర మళ్లీ నల్లబడుతుంది. కారణం ఏమిటో తెలుసుకోలేదు కాబట్టి అది ఎక్కడిది అక్కడే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ: లినక్స్ ల్యాప్‌టాప్ తనకేమైందో తనే చెబుతుంది. మనం అడగాలి. అడగవలసిన ప్రశ్నలు నాలుగు. వాటిని వరుస తప్పకుండా అడగాలి. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. ఆదేశాలను నిదానంగా చెబుతాను.

ఆ ప్రశ్నలకు ముందు, ఇలాంటి ల్యాప్‌టాప్‌ల లోపలి ఏర్పాటు ఏమిటో చూద్దాం. హైబ్రిడ్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసే చిప్‌లు రెండు. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. అది ఇంటెల్‌ది కావచ్చు, ఏఎండీది కావచ్చు. కరెంటు తక్కువ తీసుకుంటుంది. ఉత్తరం టైపు చేయడానికి, సినిమా చూడడానికి అది చాలు. రెండోది విడిగా ఉండే చిప్. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఎన్విడియాది. దానికి సొంత మెమరీ ఉంటుంది, బలమెక్కువ, బ్యాటరీని ఖర్చు చేయడమూ ఎక్కువే. అందుకే పని లేనప్పుడు అది నిద్రలో ఉండాలి, పని పడినప్పుడు లేవాలి. మనం ఏమీ చేయకుండానే ఇది జరిగిపోయేలా ఎన్విడియా 2010 ఫిబ్రవరిలో ఆప్టిమస్ అనే పద్ధతిని ప్రకటించింది.

ఈ పద్ధతిలో ఒక కీలకమైన సంగతి ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో తెరకు వెళ్లే దారి ప్రాసెసర్‌లోని చిప్‌కే ఉంటుంది, విడి చిప్‌కు ఉండదు. విడి చిప్ ఎంత గొప్పగా గీసినా, ఆ బొమ్మ ప్రాసెసర్‌లోని చిప్ దగ్గరికి చేరి, దాని ద్వారానే తెర మీదికి రావాలి. అంటే ఒక ఆట తెర మీద కదలాలంటే రెండు కంపెనీల డ్రైవర్లు సెకనుకు అరవైసార్లు ఒకదానికొకటి బొమ్మను అందించుకోవాలి. లినక్స్‌లో ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌లోనే, అంటే లినక్స్ నడిగుండెలోనే, భాగం. కెర్నల్‌తో పాటే అవీ మారతాయి. ఎన్విడియా సొంత డ్రైవరు మాత్రం బయటినుంచి వచ్చి చేరేది. మన చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

ఆప్టిమస్ వచ్చిన కొత్తలో లినక్స్ వాడేవారికి ఎన్విడియానుంచి ఏ ఆసరా లేదు. కొన్న చిప్ వాడుకోలేరు సరే, దాన్ని ఆపడమూ కుదరదు. ఊరికే వేడెక్కుతూ బ్యాటరీని ఖాళీ చేసేది. 2010లోనే కెర్నల్ డెవలపర్ డేవ్ ఎయిర్లీ రాసిన స్విచరూ అనే భాగం 2.6.34 కెర్నల్‌లో చేరి, చిప్‌లను మార్చడానికీ ఆపడానికీ తొలి దారి చూపింది. 2011లో మార్టిన్ యూల్ బంబుల్‌బీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. తెర వెనక ఇంకో డిస్‌ప్లే సర్వర్‌ను నడిపి, విడి చిప్ గీసిన బొమ్మను అక్కడినుంచి మామూలు తెర మీదికి కాపీ చేసే ఉపాయం అది. వేగం కొంత తగ్గినా, కొన్న చిప్ చేతికొచ్చింది. ఎన్నో ఏళ్లు లక్షణంగా వాడుకున్నారు.

బొమ్మను ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు నేరుగా అందించే పద్ధతి కెర్నల్‌లోకి 2012లో, 3.3 వెర్షన్‌తో వచ్చింది. దాని పేరు డీఎంఏ బఫ్. దాన్ని కెర్నల్‌లోకి తెచ్చినవాడు మన దేశానికి చెందిన ఇంజనీరు సుమిత్ సెమ్వాల్. కానీ ఆ సౌకర్యం జీపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సు కింద ఉన్న డ్రైవర్లకే తెరిచి ఉంది. మూసి ఉంచిన డ్రైవరుకూ దాన్ని తెరవాలని ఎన్విడియా అడిగితే కెర్నల్ డెవలపర్లలో కొందరు ఒప్పుకోలేదు. అదే ఏడాది జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఒక సభ జరిగింది. ఆప్టిమస్ ల్యాప్‌టాప్ కొని ఇబ్బంది పడ్డ ఒకామె అడిగిన ప్రశ్నకు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఎన్విడియా మీద మండిపడ్డాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. కోపం ఆయన ఒక్కడిది కాదు. డబ్బిచ్చి కొన్న వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి వీల్లేకపోయినవాళ్లందరిదీ.

తర్వాత పరిస్థితి మెల్లగా మారింది. 2013లో వచ్చిన 319 డ్రైవరుతో, విడి చిప్ గీసిన మొత్తం డెస్క్‌టాప్‌ను ప్రాసెసర్‌లోని చిప్ ద్వారా తెర మీదికి పంపడం వీలైంది. ఒక్కొక్క ప్రోగ్రామునే విడి చిప్‌కు అప్పగించే పద్ధతి 2019 ఆగస్టులో 435 డ్రైవరుతో వచ్చింది. 2022 మేలో ఎన్విడియా తన డ్రైవరులో కెర్నల్‌తో మాట్లాడే భాగాన్ని ఓపెన్ సోర్సుగా విడుదల చేసింది. ట్యూరింగ్ తరం, అంటే 2018 నుంచి వచ్చిన చిప్‌లకే అది వర్తిస్తుంది. పై భాగాలు ఇంకా మూసే ఉన్నాయి.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఇంటర్నెట్‌లో వెతికితే 2012 నాటి సలహా, 2016 నాటి సలహా, నిన్నటి సలహా పక్కపక్కనే దొరుకుతాయి. ఏది ఏ కాలానిదో తెలియక మూడూ కలిపి అమలు చేస్తే ల్యాప్‌టాప్ మూడు కాలాల మధ్య ఇరుక్కుపోతుంది. ఎవరైనా మీకు బంబుల్‌బీ పెట్టమన్నా, చేత్తో ఎక్స్‌ఆర్గ్ అనే డిస్‌ప్లే సర్వర్‌కు కాన్ఫిగరేషన్ ఫైలు రాయమన్నా ఆ సలహా ఏ ఏడాదిదో ముందు చూడండి.

ఇక అసలు పనిలోకి వద్దాం. ఉదాహరణకు ఉబుంటు 24.04, ఇంటెల్ ప్రాసెసర్, ఎన్విడియా విడి చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. ఫెడోరాలోనో డెబియన్‌లోనో ఆదేశాలు కొంత మారినా ప్రశ్నలు ఇవే.

తెరే కనిపించకపోతే ప్రశ్నలు అడిగేదెలా? దానికి మూడు దారులున్నాయి. మొదటిది పాత కెర్నల్. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, లోగో రాగానే ఎస్కేప్ మీటను ఒక్కసారి నొక్కండి. ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో రెండో వరుస, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే నిన్నటి కెర్నల్ ఇంకా అక్కడే ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. తెర వచ్చిందంటే సగం సమాధానం దొరికినట్టే: మీ హార్డ్‌వేరు బాగుంది, ఫైళ్లు బాగున్నాయి, కొత్త కెర్నల్‌కూ డ్రైవరుకూ మధ్యే ఏదో తెగింది.

రెండో దారి నోమోడ్‌సెట్. గ్రబ్ మెనూలో మొదటి వరుస మీద ఉండి ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కండి. లినక్స్ అనే పదంతో మొదలయ్యే పొడవాటి వాక్యం కనిపిస్తుంది. దాని చివర ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని, అంతా ఒకే మాటగా టైపు చేసి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్లను పక్కన పెట్టి, సాదా తెరతో ల్యాప్‌టాప్ లేస్తుంది. ఇది ఆ ఒక్కసారికే. దీన్ని గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసుకోవద్దు. రాసుకుంటే ఇంటెల్ చిప్ డ్రైవరు కూడా పక్కకు పోయి, బొమ్మ గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రైట్‌నెస్ మీటలు పనిచేయకపోవడానికి, వీడియో తడబడడానికి ఎప్పుడో రాసి మరిచిపోయిన ఈ మాటే కారణం కావడం చాలా మామూలు.

మూడో దారి: తెర నల్లగా ఉన్నా లోపల ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉండవచ్చు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కితే అక్షరాల తెర రావచ్చు. వస్తే మీ పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న: చిప్‌లు రెండూ కనిపిస్తున్నాయా, ఏ చిప్‌ను ఏ డ్రైవరు నడుపుతోంది? ఆదేశం రాసుకోండి: ఎల్, ఎస్, పి, సి, ఐ, ఈ అయిదక్షరాలూ కలిపి. తర్వాత ఒక ఖాళీ, ఒక చిన్న గీత, గీతకు ఆనుకుని కె. అన్నీ చిన్న అక్షరాలే. పొడవాటి జాబితా వస్తుంది. అందులో ఇంటెల్ చిప్ వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్ అనే పేరుతో కనిపిస్తుంది. ఎన్విడియా చిప్ చాలా ల్యాప్‌టాప్‌లలో త్రీడీ కంట్రోలర్ అనే పేరుతో ఉంటుంది. తెరకు సొంత దారి లేని చిప్ కాబట్టి ఆ పేరు. వీజీఏ అనే మాట కోసమే వెతికినవాళ్లు కార్డు చచ్చిపోయిందని హడలిపోతారు. త్రీడీ కోసం కూడా వెతకండి.

ఎన్విడియా పేరే ఎక్కడా లేకపోతే బయోస్‌లోకి వెళ్లి, గ్రాఫిక్స్ అమరికలో విడి చిప్‌ను ఆపి ఉంచారేమో చూడాలి. పేరు ఉంటే దాని కింద కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే వరుస చదవండి. అక్కడ ఎన్విడియా అని ఉంటే కంపెనీ డ్రైవరు నడుస్తోంది. నూవో అని ఉంటే, కంపెనీ సాయం లేకుండా స్వచ్ఛంద డెవలపర్లు మొదలుపెట్టి రాసిన ఓపెన్ సోర్సు డ్రైవరు నడుస్తోంది. ఆ వరుసే లేకపోతే ఏ డ్రైవరూ చిప్‌ను పట్టుకోలేదు. దాని కిందే కెర్నల్ మాడ్యూల్స్ అనే ఇంకో వరుస ఉంటుంది. అందులో చాలా పేర్లు కనిపిస్తాయి. అవి పని చేయగలిగినవాటి పేర్లే గానీ చేస్తున్నవాటివి కావు. ఈ రెండు వరుసలను కలగలిపి చదివితే మొదటి మెట్టులోనే దారి తప్పుతాం.

రెండో ప్రశ్న: డ్రైవరు ఎందుకు ఎక్కలేదు? నల్ల తెర కథల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతుంది, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. ముఖ్యమైన కారణాలు నాలుగు.

ఒకటి, కొత్త కెర్నల్ కోసం డ్రైవరు తయారు కాలేదు. లినక్స్ కెర్నల్ లోపలి అమరిక వెర్షన్‌కూ వెర్షన్‌కూ మారుతుంటుంది. లోపలి డ్రైవర్లను మార్చేవాళ్లే సరిచేసేస్తారు. బయటి డ్రైవరును మాత్రం ప్రతి కొత్త కెర్నల్‌కూ మళ్లీ కంపైల్ చేయాలి. ఆ పని చేసేది డీకేఎంఎస్ అనే ఏర్పాటు. ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. డెస్క్‌టాప్‌లో తర్వాత్తర్వాత 6.11కు, 6.14కు మారింది. పాత డ్రైవరు అలాంటి మార్పు దగ్గర కంపైల్ కాక ఆగిపోవచ్చు. పేరు మారని ఉబుంటులో కెర్నల్ మారిందని చాలామందికి తెలియదు.

దీన్ని తెలుసుకోవడానికి రెండు ఆదేశాలు. యు, ఎన్, ఎ, ఎమ్, ఈ, తర్వాత ఖాళీ, చిన్న గీత, ఆర్. ఇది మీరిప్పుడు నడుపుతున్న కెర్నల్ సంఖ్య చెబుతుంది. రెండోది డి, కె, ఎమ్, ఎస్, తర్వాత ఖాళీ, స్టేటస్. ఇది డ్రైవరు ఏ కెర్నల్‌కు తయారైందో చెబుతుంది. కొత్త కెర్నల్ సంఖ్య పక్కన ఇన్‌స్టాల్డ్ అనే మాట లేకపోతే దొంగ దొరికాడు. ఆ కెర్నల్‌కు సరిపడే లినక్స్ హెడర్స్ ప్యాకేజీ ఉందో లేదో చూసి, లేకపోతే ఎక్కించి, నోమోడ్‌సెట్ దారిలో ఆ కొత్త కెర్నల్‌తోనే ఆన్ చేసి, సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ అని ఇవ్వండి. అయినా కాకపోతే డ్రైవరే పాతదని అర్థం. కొత్త డ్రైవరు ఎక్కించాలి, లేదా అది వచ్చేదాకా పాత కెర్నల్‌తో పని చేసుకోవాలి. అందుకే నిన్నటి కెర్నల్‌ను తొందరపడి తీసేయకండి.

రెండో కారణం సెక్యూర్ బూట్. సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్‌లోకి రానివ్వని రక్షణ అది. మన ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ అయిన డ్రైవరు మీద మన ల్యాప్‌టాప్ తయారుచేసిన తాళంతోనే సంతకం ఉంటుంది. ఆ తాళాన్ని నమ్మమని మనం ఒకసారి ఒప్పుకోవాలి. డ్రైవరు ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగేది అందుకే. తర్వాత రీస్టార్ట్ చేసినప్పుడు నీలిరంగు తెర వచ్చి, ఏదైనా మీట నొక్కమంటుంది. కొద్ది సెకన్లలో నొక్కకపోతే వెళ్లిపోతుంది. ఈ నీలి తెరను చూసి భయపడి వదిలేసినవాళ్లు ఎందరో. అది వచ్చినప్పుడు ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, కంటిన్యూ నొక్కి, పెట్టిన పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేయండి. సెక్యూర్ బూట్ ఉందో లేదో తెలియాలంటే ఆదేశం మోక్‌యుటిల్, ఖాళీ, రెండు చిన్న గీతలు, ఎస్‌బీ, ఒక గీత, స్టేట్. డ్రైవరును చేత్తో ఎక్కించడానికి సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా అని ఇచ్చినప్పుడు కీ వాజ్ రిజెక్టెడ్ అనే సమాధానం వస్తే కారణం కచ్చితంగా ఇదే. చాలామంది సెక్యూర్ బూట్‌నే ఆపేయమని చెబుతారు. ఆపితే పని జరుగుతుంది, కానీ ఒక రక్షణ పోతుంది. ఉబుంటులో ముందే సంతకం చేసిన ఎన్విడియా మాడ్యూళ్లు కూడా దొరుకుతాయి. వాటికి ఈ నీలి తెర అవసరమే లేదు.

మూడో కారణం, రెండు డ్రైవర్ల పెనుగులాట. కెర్నల్ లేచేటప్పుడు నూవో ముందుగా చిప్‌ను పట్టుకుంటే కంపెనీ డ్రైవరుకు చోటుండదు. ఉబుంటు ప్యాకేజీతో ఎక్కించినప్పుడు నూవోను పక్కన పెట్టే పనిని ఆ ప్యాకేజీయే చూసుకుంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌నుంచి రన్ ఫైలు తెచ్చి ఎక్కించినప్పుడే అసలు తంటా. అది ఎక్కడెక్కడ ఏ ఫైళ్లు పెట్టిందో ఉబుంటుకు తెలియదు. తర్వాత ఉబుంటు తన డ్రైవరును తెస్తుంది. పాత ఫైళ్లూ కొత్త ఫైళ్లూ కలిసిపోతాయి. అందుకే నా గట్టి సలహా: డ్రైవరును మీ లినక్స్ పంపిణీ భాండాగారంనుంచే తీసుకోండి. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే కిటికీ ఉంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ ఉంది.

నాలుగో కారణం చిప్ వయసు. ఎన్విడియా పాత తరాలను కొత్త డ్రైవర్లలోంచి తీసేస్తూ వస్తుంది. ఫెర్మీ తరానికి 390, కెప్లర్ తరానికి 470, మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు 580 చివరి శ్రేణులు. పాస్కల్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అంతకంటే కొత్త డ్రైవరు ఎక్కించి, ఎందుకు పనిచేయదని ఎంత కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. అటువైపు చూస్తే, కొత్తగా వచ్చిన బ్లాక్‌వెల్ తరానికి ఓపెన్ అనే పేరున్న మాడ్యూలే ఎక్కించాలి, పాత మూసిన మాడ్యూలుతో అది నడవదు.

ఇక్కడే ఇంకో ఆదేశం తెలుసుకోండి: ఎన్విడియా, చిన్న గీత, ఎస్, ఎమ్, ఐ. అంతా బాగుంటే చిప్ పేరు, వేడి, మెమరీ వాడకంతో ఒక పట్టిక వస్తుంది. డ్రైవరుతో మాట్లాడలేకపోయానని అంటే ఇందాక చెప్పిన నాలుగు కారణాల్లో ఒకటి. డ్రైవర్ లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటే మాత్రం కంగారు పడకండి. అప్‌డేట్‌లో ఫైళ్లు కొత్తవి వచ్చాయి, మెమరీలో పాత డ్రైవరే ఉంది. చాలాసార్లు ఒక్క రీస్టార్ట్‌తో తీరిపోతుంది. ఈ సందేశం చూసి డ్రైవరంతా పీకేసేవాళ్లు లేని కష్టం తెచ్చుకుంటున్నారు.

మూడో ప్రశ్న: తెర మీద బొమ్మను ఇప్పుడు గీస్తున్నది ఎవరు? దీనికి మెసా యుటిల్స్ అనే ప్యాకేజీలోని ఆదేశం జి, ఎల్, ఎక్స్, ఐ, ఎన్, ఎఫ్, ఓ, తర్వాత ఖాళీ, చిన్న గీత, పెద్ద బి. వచ్చిన వాటిలో ఓపెన్‌జీఎల్ రెండరర్ అనే వరుస చూడండి. అక్కడ ఇంటెల్ పేరుంటే అది తప్పు కాదు. హైబ్రిడ్ పద్ధతిలో మామూలు పనులకు ఇంటెల్ గీయడమే సరైనది. ఎల్ఎల్‌వీఎమ్ పైప్ అని ఉంటే మాత్రం ఏ చిప్పూ గీయడం లేదు, ప్రాసెసరే కష్టపడి గీస్తోంది. అప్పుడు ఇందాకటి నోమోడ్‌సెట్ మిగిలిపోయిందేమో చూడండి. క్యాట్ అనే ఆదేశంతో ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైలు చదివితే తెలిసిపోతుంది.

ఇప్పుడు విడి చిప్‌ను పనిలో పెట్టండి. ఇందాకటి ఆదేశం ముందు ప్రైమ్, చిన్న గీత, రన్ అని చేర్చి, ఒక ఖాళీ వదిలి మళ్లీ ఇవ్వండి. రెండరర్ వరుసలో ఎన్విడియా పేరు వచ్చిందంటే మీ డ్రైవరు, రెండు చిప్‌ల మధ్య బంధం అన్నీ సరిగా ఉన్నట్టే. ఇక సమస్య ఆ ఒక్క ప్రోగ్రాముదే. దాన్ని కూడా ప్రైమ్ రన్‌తో మొదలుపెట్టండి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ప్రోగ్రాము బొమ్మ మీద కుడి క్లిక్ చేసినా విడి గ్రాఫిక్స్ కార్డుతో తెరిచే వరుస కనిపిస్తుంది. అన్నీ బాగున్న ల్యాప్‌టాప్‌లో కార్డు పనిచేయడం లేదని బాధపడేవాళ్లకు తరచుగా కావలసింది ఈ ఒక్క మాటే.

ఉబుంటులో ప్రైమ్ సెలెక్ట్ క్వెరీ అనే ఆదేశం మీ ల్యాప్‌టాప్ ఏ పద్ధతిలో ఉందో చెబుతుంది. ఇంటెల్ అంటే విడి చిప్ పూర్తిగా పక్కకు. ఎన్విడియా అంటే అన్నిటికీ విడి చిప్పే. ఆన్ డిమాండ్ అంటే అడిగినప్పుడే. రోజువారీకి ఆన్ డిమాండ్ మంచిది. రెండు చిప్‌లూ ఏఎండీవే అయితే ఈ బాధల్లో చాలా భాగం ఉండదు. డ్రైవరు కెర్నల్‌లోనే ఉంది. డీఆర్ఐ అండర్‌స్కోర్ ప్రైమ్ ఈక్వల్స్ 1 అని ప్రోగ్రాము పేరు ముందు రాస్తే చాలు. కెర్నల్‌లో కలిసిపోయిన డ్రైవరుకూ బయట ఉండిపోయిన డ్రైవరుకూ తేడా ఎంతో ఇక్కడ కళ్లకు కడుతుంది.

నాలుగో ప్రశ్న: బయటి మానిటర్, బ్యాటరీ, నిద్ర, వీటిలో ఏది తేడాగా ఉంది? చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రం నేరుగా విడి చిప్‌కే కలిపి ఉంటుంది. ప్రైమ్ సెలెక్ట్‌లో ఇంటెల్ పద్ధతి పెట్టుకుని ప్రొజెక్టర్ తగిలిస్తే బొమ్మ రాదు. సెమినార్ హాల్లో కేబుల్ మారుస్తూ కూర్చోనక్కర్లేదు, పద్ధతి మార్చి రీస్టార్ట్ చేయండి.

బ్యాటరీ త్వరగా అయిపోతుంటే విడి చిప్ నిద్రపోతోందా లేదా చూడాలి. సిస్ ఫోల్డర్‌లో ప్రతి పీసీఐ పరికరానికీ ఒక ఫోల్డరు, అందులో పవర్ అనే ఫోల్డరు, దానిలో రన్‌టైమ్ స్టేటస్ అనే ఫైలు ఉంటాయి. చదివితే సస్పెండెడ్ అనో యాక్టివ్ అనో చెబుతుంది. ఇలా అడిగితే చిప్ నిద్ర చెడదు. ఎన్విడియా ఎస్ఎమ్ఐతో అడిగితే ఆ అడగడమే దాన్ని లేపేస్తుంది. దాన్ని మాటిమాటికీ నడుపుతూ చిప్ ఎప్పుడూ మేలుకునే ఉందని అనుకోవద్దు. ట్యూరింగ్, ఆ తర్వాతి తరాల చిప్‌లు, ల్యాప్‌టాప్ కూడా సహకరిస్తే, పని లేనప్పుడు పూర్తిగా ఆగిపోగలవు. మూత మూసి తెరిచాక తెర గజిబిజిగా వస్తే ఎన్విడియా సస్పెండ్, ఎన్విడియా రెజ్యూమ్ అనే సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. నిద్రకు ముందు చిప్ మెమరీలో ఉన్నదాన్ని భద్రపరిచి మళ్లీ తెచ్చిపెట్టే పని వాటిది.

ఈ నాలుగింటికీ అందకపోతే ల్యాప్‌టాప్ రాసుకున్న దినచర్య చదవండి. జర్నల్‌సీటీఎల్, ఖాళీ, చిన్న గీత, కె, ఖాళీ, చిన్న గీత, బి, ఖాళీ, చిన్న గీత, 1. ఇది ఇప్పటిది కాదు, దీనికి ముందుసారి ఆన్ చేసినప్పుడు కెర్నల్ ఏమేం చెప్పిందో చూపిస్తుంది. నల్ల తెర వచ్చిన ఆ పూట సంగతులన్నీ అందులో ఉంటాయి. ఎన్విడియా అనే పేరున్న వరుసలు వెతకండి.

శ్రోతలారా, ఈ పనిలో రెండు నియమాలు దాటకండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినదాన్ని కాగితం మీద రాసుకోండి. అయిదు మార్పులు ఒకేసారి చేస్తే తెర వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు, రాకపోతే ఏది వెనక్కి తీయాలో తెలియదు. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు పనిచేయడం లేదు అని మాత్రమే చెప్పకండి. లినక్స్ పేరు, వెర్షన్, కెర్నల్ సంఖ్య, చిప్ పేరు, ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానాలు యథాతథంగా ఇవ్వండి. ఎరుపు అక్షరాల్లో వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని చూసి మూసేయకుండా పూర్తిగా చదవండి. అందులో సగం సార్లు కారణం సూటిగానే రాసి ఉంటుంది.

ఇంటి దగ్గర ఆదాయాన్ని చూసుకుని, అప్పు చేసి పిల్లలకు ల్యాప్‌టాప్ కొనిచ్చే తల్లిదండ్రులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు. ఆ డబ్బులో గణనీయమైన భాగం ఈ విడి చిప్‌కే పోతుంది. అది పనిచేయకుండా పడి ఉండడం నాకు చిన్న విషయంగా కనిపించదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఈ రోజు ల్యాప్‌టాప్ ఇంత వివరంగా మనకు సమాధానం చెబుతోందంటే, అది చెప్పేలా చేయడానికి ఎయిర్లీ, యూల్, సెమ్వాల్ లాంటివాళ్లు, పేర్లు మనకు తెలియని ఇంకెందరో ఏళ్ల తరబడి పనిచేశారు. ఒక పెద్ద కంపెనీ మూసిన తలుపును పన్నెండేళ్లు తట్టి, కొంతైనా తెరిపించారు. వాళ్లు సంపాదించిపెట్టిన అవకాశం ఇది. చదవకుండా ఫార్మాట్ కొట్టడమంటే ఆ అవకాశాన్ని వదులుకోవడమే.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. ల్యాప్‌టాప్ చెడినప్పుడు కాదు, బాగున్నప్పుడే ఈ ఆదేశాలు ఒక్కసారి నడపండి. కెర్నల్ సంఖ్య ఎంత, డ్రైవరు సంఖ్య ఎంత, ఏ చిప్‌ను ఏ డ్రైవరు నడుపుతోంది, ప్రైమ్ సెలెక్ట్ ఏ పద్ధతిలో ఉంది, ఈ నాలుగు సమాధానాలూ ఒక నోటుపుస్తకంలో తారీఖు వేసి రాసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ పేజీని పక్కన పెట్టుకుని మళ్లీ అడగండి. నాలుగింటిలో ఏది మారిందో అక్కడినుంచి వెతకడం మొదలుపెట్టండి.